పెంపుడు జంతువులున్న ఇంటికి వాక్యూమ్ క్లీనర్: కొనేముందు ఒక వైద్యుని మాట

ఎనుమాములలో ఉండేవారికి దుమ్మును గురించి వైద్యుడు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. దసరా వెళ్ళగానే మార్కెట్ యార్డుకు పత్తి రావడం మొదలవుతుంది. సంక్రాంతి దాటిన తరువాత మిర్చి దిగుతుంది. మిర్చి బస్తాలు గుట్టలుగా పేరుకునే ఫిబ్రవరి, మార్చి నెలలలో యార్డు గోడకు నాలుగు వీధుల అవతల కూడా తలుపు తీయగానే తుమ్ములు వస్తాయి. మక్కల పొట్టు, ధాన్యపు నూగు, లారీల చక్రాలు లేపే మట్టి సరేసరి. ఇటువంటి చోట కుక్కనో పిల్లినో పెంచుకుంటున్న కుటుంబాలవారు ఈమధ్య నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు: "వాక్యూమ్ క్లీనర్ ఏది కొనమంటారు?" యంత్రాల ధరవరలు చెప్పే అర్హత నాకు లేదు. అయితే ఆ యంత్రం వలన ఊపిరితిత్తులకు మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా అన్నది వైద్యుడు చెప్పవలసిన విషయమే.

మా వీధిలో ఒక కుటుంబానికి ఇది మామూలు కొనుగోలు ప్రశ్నగా రాలేదు. ఇంటి యజమానిది యార్డులో అడ్తి వ్యాపారం. ఆయన పదేళ్ళ కుమార్తెకు మూడేళ్ళుగా ఉబ్బసం ఉన్నది. ఇంట్లో బ్రూనో అనే లాబ్రడార్ కుక్క ఉన్నది. అది రాత్రిళ్ళు ఆ అమ్మాయి మంచం మీదనే, కాళ్ళ వైపు పడుకుంటుంది. గడచిన చలికాలంలో ఆ అమ్మాయిని రెండుసార్లు అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసి వచ్చింది. ఆ తరువాత నాయనమ్మ నా వద్దకు వచ్చి, "సారూ, కుక్కనన్న పంపియ్యాలె, లేకుంటె గా మిషనన్న కొనాలె. మీరేమంటరు?" అని అడిగింది. ఆమె వెనుక గుమ్మంలో అమ్మాయి నిలబడి ఉన్నది, కుక్క మెడపట్టీ రెండు చేతులతో పట్టుకొని. అటువంటప్పుడు తొందరపడి జవాబు చెప్పడం తగదు.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. కుక్క వెంట్రుకలు, పిల్లి బొచ్చు వలన ఉబ్బసం వస్తుందని చాలామంది అనుకుంటారు. సోఫా మీద కనిపించే వెంట్రుక నిజానికి అంత ప్రమాదకరం కాదు. అది ఊపిరితిత్తులలోకి వెళ్ళలేనంత పెద్దది. అలర్జీ కలిగించేవి ఆ జంతువు లాలాజలంలోను, చర్మంలోని తైలగ్రంథుల స్రావంలోను, మూత్రంలోను ఉండే కొన్ని ప్రోటీన్లు. పిల్లికి సంబంధించిన ముఖ్యమైన ప్రోటీనును ఫెల్ డి 1 అని, కుక్కకు సంబంధించినదానిని క్యాన్ ఎఫ్ 1 అని శాస్త్రజ్ఞులు పిలుస్తారు. జంతువు ఒళ్ళు నాకుకున్నప్పుడు ఇవి బొచ్చుకు అంటుకొని ఎండి, చర్మపు పొలుసులతో కలిసి పొడిగా రాలుతాయి. ఆ పొడిలో కొంతభాగం 5 మైక్రాన్ల కంటె సన్నగా ఉంటుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అని గుర్తుంచుకుంటే ఇది ఎంత సూక్ష్మమో అర్థమవుతుంది. ఫ్యాను తిరిగితే గంటల తరబడి గాలిలో తేలుతుంది, సన్నని శ్వాసనాళాల వరకు చేరుతుంది. మన పెద్దలు ఉబ్బసపు శబ్దానికి పిల్లికూతలు అని పేరు పెట్టారు. పిల్లి ఉన్న ఇంటిలో ఆ పేరు విన్నప్పుడల్లా నాకు కొంచెం నవ్వు వస్తుంది, కాని రోగికి అది నవ్వులాట కాదు.

కొన్ని జాతుల కుక్కలు అలర్జీ కలిగించవని చెప్పి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు అటువంటి జాతుల బొచ్చును పరీక్షించినప్పుడు క్యాన్ ఎఫ్ 1 తక్కువగా ఉన్నట్లు తేలలేదు, పైగా ఎక్కువగానే ఉన్నది. ఆ మాటను నమ్మి డబ్బు పెట్టనక్కరలేదు.

ఇక యంత్రం సంగతి. వాక్యూమ్ క్లీనర్ చరిత్రలో వైద్యునికి ఆసక్తి కలిగించే ఘట్టాలు రెండున్నాయి. 1901లో లండనులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, గాలి ఊది దుమ్ము లేపే యంత్రాన్ని చూసి, ఊదడానికి బదులు పీల్చితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. ఒక కుర్చీ మీద చేతిరుమాలు పరచి, దానిమీద నోరుపెట్టి గాలి పీల్చి చూశాడు. రుమాలుకు అవతలి వైపున దుమ్ము అంటుకున్నది. ఆయన యంత్రాన్ని గుర్రపు బండి మీద పెట్టి వీధిలోనుండి గొట్టాలు ఇంట్లోకి వేసేవారు. రెండవ ఘట్టం అమెరికాలో జరిగింది. ఒహాయో రాష్ట్రంలోని క్యాంటన్ పట్టణంలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే ఉబ్బస రోగి ఒక దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. తివాచీలు ఊడ్చినప్పుడల్లా దగ్గు వచ్చేది. ఆ బాధ పడలేక ఒక విద్యుత్ ఫ్యాను, చీపురుకర్ర, దుమ్ము పట్టడానికి ఒక దిండుగలేబు కలిపి యంత్రం తయారుచేసుకున్నాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది. ఆ హక్కులను హూవర్ కుటుంబం కొన్నది. బూత్ రుమాలు, స్పాంగ్లర్ దిండుగలేబు రెండూ వడపోత గుడ్డలే. పీల్చిన దుమ్మును ఆపేది ఆ గుడ్డ. అది సరిగా లేకపోతే పీల్చడం వలన ప్రయోజనం లేదు.

ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే దుకాణంలో సగం అయోమయం తొలగిపోతుంది. యంత్రం ఎంత గాలిని లోపలికి తీసుకుంటుందో అంత గాలిని వెనుకనుండి బయటికి వదలవలసిందే. ముందు భాగంలో కుక్క వెంట్రుకలు, ఇసుక, బియ్యపు నూక పీల్చుకొని సంచిలో పెట్టుకుంటుంది. సంచి బట్టలోని కన్నాలు పెద్దవైతే, లేదా మూత సరిగా బిగియకపోతే, 5 మైక్రాన్ల పొడి అంతా వెనుకనుండి మరింత వేగంగా గదిలోకి వస్తుంది. అంతకుముందు నేల మీద కదలకుండా పడి ఉన్న పొడిని ముక్కు ఎత్తుకు తెచ్చినట్లవుతుంది. కాబట్టి నన్ను అడిగినవారికి నేను చెప్పేది ఇదే: యంత్రం ఎంత పీలుస్తుందో తరువాత చూడండి, ముందు అది ఏమి వదులుతుందో చూడండి.

మన దేశంలో ఈ యంత్రం ఇళ్ళకు చేరడానికి ముఖ్య కారణం 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ సంస్థ ప్రతినిధులు ఇంటింటికీ తిరిగి అమ్మడం. అటువంటి ప్రదర్శనలు చూసినవారికి గుర్తుండే ఉంటుంది. అమ్మకందారు మీ పరుపు మీద యంత్రాన్ని నడిపి, నల్లగుడ్డ మీద తెల్లని పొడి చూపిస్తాడు. ఇంటివారు సిగ్గుపడి కొంటారు. ఆ పొడి మీ పరుపులో దుమ్ము ఉన్నదని రుజువు చేస్తుంది. యంత్రం ఆ దుమ్మును బయటికి వదలడం లేదని మాత్రం రుజువు చేయదు. అందుచేత ప్రదర్శన చూస్తున్నప్పుడు గదిలో దీపాలు ఆర్పించి, యంత్రం గాలి వదిలే చోట టార్చిలైటు అడ్డంగా వేసి చూడండి. వెలుతురులో పొడి సుడులు తిరుగుతూ కనిపిస్తే ఆ యంత్రాన్ని అక్కడే వదిలిపెట్టండి. అతి సూక్ష్మమైన కణాలు ఈ పరీక్షకు అందవు, కాని నాసిరకం వాటిని ఏరివేయడానికి ఇది చాలు.

వడపోత విషయంలో అడగవలసిన మాట హెపా. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా అణుబాంబు తయారీ కేంద్రాలలో రేడియోధార్మిక ధూళిని ఆపడానికి రూపొందిన కాగితపు వడపోత ఇది. అమెరికా ప్రమాణం ప్రకారం 0.3 మైక్రాన్ల కణాలలో 99.97 శాతాన్ని ఆపగలిగితేనే దానిని హెపా అనాలి. అంటే పదివేల కణాలలో మూడు మాత్రమే తప్పించుకోవాలి. ఐరోపా ప్రమాణంలో హెచ్13 అనే తరగతికి 99.95 శాతం ఉండాలి. పెట్టెమీద "హెపా టైప్", "హెపా వంటిది" అని రాసి ఉంటే అది హెపా కాదనే భావించాలి. వడపోత నిజమైనదైనా యంత్రపు అతుకులు బిగుతుగా లేకపోతే గాలి సులువైన దారి వెతుక్కొని పక్కలనుండి పోతుంది. మూత దగ్గర రబ్బరు అంచు ఉన్నదో లేదో వేలితో తడిమి చూడండి.

వాట్ల సంఖ్యను చూసి మోసపోవద్దు. 1600, 2000 అని పెద్ద అక్షరాలతో రాస్తారు. వాట్లు అనేవి యంత్రం ఎంత కరెంటు తింటుందో చెబుతాయి. ఎంత దుమ్ము తీస్తుందో చెప్పవు. ఐరోపా సమాఖ్య 2014 సెప్టెంబరులో ఇంటి వాక్యూమ్ క్లీనర్లకు 1600 వాట్ల పరిమితి పెట్టి, 2017 సెప్టెంబరులో దానిని 900కు తగ్గించింది. అక్కడి ఇళ్ళు మురికిగా మారలేదు.

పైగా అక్కడి ఇళ్ళలో గోడనుండి గోడకు తివాచీలు. మన ఇళ్ళలో షాబాద్ బండలు, మొజాయిక్, టైల్స్. కుక్క కింద వేసేది మహా అయితే ఒక జంపఖానా. కొత్తవాడ నేతవారి జంపఖానా గురించి వరంగల్ వారికి వేరే చెప్పాలా? 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు అది. జంపఖానాను ఉతకవచ్చు, ఎండలో ఆరవేయవచ్చు. యంత్రం అవసరమే లేదు. గచ్చు నేల మీది సన్నని పొడికి తడిగుడ్డకు మించిన మందు లేదు. పొడి చీపురు మాత్రం ఉబ్బసం ఉన్న ఇంటిలో శత్రువే. అందువలన మన ఇళ్ళలో వాక్యూమ్ క్లీనరుకు అసలైన పని నేల మీద కాదు. సోఫా, పరుపు, దిండ్లు, కారు సీట్లు, కర్టెన్ల మడతలు, మంచం కింది మూలలు, అల్మరా వెనుక సందులు. ఇవి తడిగుడ్డకు అందనివి. కొనే యంత్రానికి గుడ్డ ఉపరితలాల కోసం చిన్న తిరుగుడు బ్రష్, సందులలోకి పోయే సన్నని మూతి ఉన్నాయో లేవో చూడాలి. తిరుగుడు బ్రష్‌ను విప్పి శుభ్రం చేసే వీలుండాలి. కుక్క వెంట్రుకలు చుట్టుకుంటాయని అందరూ చెబుతారు. మన ఇళ్ళలో ఆడవారి పొడవాటి జుట్టు అంతకంటె గట్టిగా చుట్టుకుంటుంది.

పరుపులో కుక్క పొడితోపాటు డస్ట్ మైట్ అనే కంటికి కనిపించని పురుగులు కూడా ఉంటాయి. ఉబ్బస రోగులలో చాలామందికి అసలు పడనివి ఇవే. యంత్రం పైపై విసర్జనాలను తీస్తుంది కాని లోపల పట్టుకొని ఉన్న బతికిన పురుగులను అంతగా లాగలేదు. వాటికి మన ఎండే విరుగుడు. ఏప్రిల్, మే నెలలలో పరుపును డాబా మీద ఒక పూట తిరగవేసి మరొక పూట ఎండనివ్వాలి. దుప్పట్లు 60 డిగ్రీల వేడినీటిలో ఉతకాలి.

సంచి ఉన్నది కొనాలా, ప్లాస్టిక్ డబ్బా ఉన్నది కొనాలా అన్నది తరచుగా వచ్చే సందేహం. డబ్బా ఉన్నవి ఇప్పుడు ఎక్కువగా అమ్ముడవుతున్నాయి, సంచి ఖర్చు లేదు కనుక. అయితే డబ్బాను చెత్తబుట్టలో గుమ్మరించే క్షణంలో వారం రోజులు పట్టిన పొడి అంతా ఒక్కసారిగా ముఖానికి కొడుతుంది. ఉబ్బసం ఉన్న ఇంటికి, పారవేసే సంచి ఉన్న యంత్రమే నా ఎంపిక. కాని ఆ సంచులు మీ ఊరిలో దొరుకుతాయా అని ముందే విచారించుకోండి. మొదటి రెండు సంచులు అయిపోయిన తరువాత పాత సంచినే దులిపి వాడుతున్న ఇళ్ళను నేను చూశాను. డబ్బా ఉన్నదే కొంటే, దానిని ఇంటి బయట, ముక్కుకు మాస్కు పెట్టుకొని ఖాళీ చేయాలి. ఈ పని సాధారణంగా ఇంట్లో పనికి వచ్చే ఆమె మీద పడుతుంది. ఆమెకు కూడా ఊపిరితిత్తులు ఉన్నాయి, ఆమెకు కూడా మాస్కు ఇవ్వాలి. 1934లో స్థాపించిన ఆజంజాహీ మిల్లు ఒకప్పుడు ఈ నగరానికి జీవనాధారం. పత్తి ధూళి పీల్చే మిల్లు కార్మికులకు సెలవు తరువాత పనిలోకి వెళ్ళిన మొదటి రోజున ఛాతీ బిగుసుకుపోయే జబ్బు వస్తుందని, దానిని బిస్సినోసిస్ అంటారని వైద్య విద్యార్థులకు నేర్పుతారు. దుమ్ము ఎవరిదైనా, దానిని ఎత్తేవారి ఛాతీలోకి ముందుగా పోతుంది.

ఈ మాటకు ఆధారం ఉన్నది. 2003లో ఇంగ్లండులోని మాంచెస్టర్ పరిశోధకులు పిల్లులున్న ఇళ్ళలో హెపా వడపోత గల యంత్రాలను వాడినప్పుడు సైతం, ఊడ్చే మనిషి ముక్కులోకి పోయే పిల్లి అలర్జెన్ పెరిగినట్లు కనుగొన్నారు. పాత యంత్రాలతోనూ అదే ఫలితం. వెనుక వడపోత ఎంత మంచిదైనా, పరుపు మీద బ్రష్ కదిలినప్పుడు లేచే పొడిని అది ఆపలేదు. అందుచేత ఉబ్బసం ఉన్నవారు తాము స్వయంగా యంత్రాన్ని నడపకూడదు. మిగిలినవారు నడుపుతున్నప్పుడు రోగి వేరే గదిలో ఉండాలి, కిటికీలు తెరిచి ఉంచాలి, పని అయిన తరువాత ఒక గంట వరకు ఆ గదిలోకి రాకూడదు. మార్కెట్లో మిర్చి ఎగుమతి దిగుమతులు జోరుగా ఉన్న గంటలలో మాత్రం మా ఎనుమాముల కిటికీ తెరిచినా ఇబ్బందే. ఉదయం తెల్లవారకముందే ఆ పని ముగించుకోవడం ఉత్తమం.

తమంతట తాము ఇల్లంతా తిరిగే రోబో యంత్రాలను గురించి ఒక మాట. రోజూ వెంట్రుకలు తీయడానికి అవి బాగానే పనిచేస్తాయి. అయితే పెంపుడు కుక్క ఇంట్లో ఎక్కడైనా మలవిసర్జన చేస్తే, ఆ యంత్రం దాని మీదనుండి పోయి గది గదికీ పూస్తుంది. కుక్కల మలంలో ఏలికపాముల గుడ్లు ఉండవచ్చు; నేల మీద పాకే పసిపిల్లలున్న ఇంటిలో మనుషులు చూస్తుండగానే దానిని నడపాలి.

యంత్రం వలన స్పష్టంగా లాభం ఉన్న చోటు ఫ్లీల విషయం. జంతువు ఒంటిమీద దూకుతూ తిరిగే ఆ చిన్న పురుగుల గుడ్లు, పిల్లలు జంతువు మీదకంటె నేల సందులలోను, సోఫా మడతలలోను ఎక్కువగా ఉంటాయి. 2007లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వారు వాక్యూమ్ క్లీనర్ పీల్చిన ఎదిగిన ఫ్లీలలో సగటున 96 శాతం చనిపోతాయని, పిల్లదశలో ఉన్నవి పూర్తిగా చనిపోతాయని చూపారు. ఇంట్లో పురుగుమందు చల్లడంకంటె ఇది ఎంతో మేలు. జంతువుకు వేయవలసిన మందు పశువైద్యుడు చెప్పినట్లు వేయించాలి.

ఇప్పుడు అడ్తి వ్యాపారి ఇంటి సంగతి చెప్పాలి. అమ్మాయికి చర్మ పరీక్ష చేయిస్తే డస్ట్ మైట్‌కు ఎక్కువగాను, కుక్కకు ఒక మోస్తరుగాను అలర్జీ ఉన్నట్లు వచ్చింది. తండ్రి యార్డునుండి వచ్చి అవే బట్టలతో కూతురిని దగ్గరకు తీసుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఆ చొక్కా మీద ఉన్న మిర్చి ధూళి అలర్జీ కాకపోయినా శ్వాసనాళాలను రేపుతుంది. నేను వారికి యంత్రం పేరు చెప్పకముందు నాలుగు పనులు చెప్పాను. కుక్క పడకగదిలోకి రాకూడదు. తండ్రి ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. పరుపుకు, దిండుకు జిప్పు ఉన్న తొడుగులు వేయాలి. అన్నిటికంటె ముఖ్యం, వైద్యుడు రాసిన ఇన్‌హేలరును పిల్లికూతలు లేని రోజున కూడా మానకూడదు. ఇన్‌హేలరు అలవాటైపోతుందని నాయనమ్మ భయం. అది తీరడానికి నాకు యంత్రం గురించి చెప్పినదానికంటె ఎక్కువ సమయం పట్టింది. కుక్కకు వారానికి రెండుసార్లు స్నానం చేయిస్తే బొచ్చు మీది ప్రోటీను తగ్గుతుంది, కాని ఆ ఫలితం కొద్ది రోజులే ఉంటుంది.

కుక్కను పంపివేయాలా అని నాయనమ్మ మళ్ళీ అడిగింది. జంతువు అలర్జీ తీవ్రంగా ఉండి, మందులు వాడినా ఉబ్బసం అదుపులోకి రాకపోతే జంతువును వేరేచోటికి పంపడమే సరైన వైద్య సలహా. ఏ యంత్రమూ దానికి ప్రత్యామ్నాయం కాదు. ఆ మాట అమ్మాయి ఎదుటనే చెప్పాను, దాచలేదు. పంపినా వెంటనే గుణం కనిపించదని కూడా చెప్పాను. పిల్లిని పంపిన ఇంటిలో దాని అలర్జెన్ తగ్గడానికి నాలుగైదు నెలలు పడుతుంది. ఆరు నెలలు ఈ పద్ధతి పాటించి, పీక్‌ఫ్లో మీటరు అంకెలు రోజూ పుస్తకంలో రాసి, అప్పుడు నిర్ణయిద్దామని ఒప్పుకున్నారు. పుస్తకం అమ్మాయే రాస్తున్నది, ఎంతో శ్రద్ధగా. ఇది రాస్తున్న నాటికి నాలుగు నెలలు గడిచాయి. రాత్రిపూట ఆసుపత్రికి వెళ్ళవలసిన అవసరం రాలేదు. ఇందులో యంత్రం పాలు ఎంత, ఇన్‌హేలరు పాలు ఎంత, పడకగది తలుపు పాలు ఎంత అని నేను విడదీసి చెప్పలేను. బ్రూనో ఇప్పుడు తలుపు అవతల జంపఖానా మీద పడుకుంటున్నది. యంత్రం మోత వినగానే పెరటిలోకి పరుగెడుతుంది. మనకు వినిపించని హెచ్చుస్థాయి శబ్దాలు కూడా కుక్కకు వినిపిస్తాయి కనుక, దానిని ముందే బయటికి పంపి యంత్రం నడపడం దయగల పని.

చివరగా వడపోత సంరక్షణ. ఉతకవచ్చునని కంపెనీవారు స్పష్టంగా రాసిన వడపోతను మాత్రమే నీటిలో కడగాలి. కాగితపు హెపాను కడిగితే పాడవుతుంది. కడిగినదానిని నీడలో కనీసం 24 గంటలు ఆరనివ్వాలి. తడి ఆరకుండా బిగిస్తే లోపల బూజు పడుతుంది, ఆ బూజు కణాలు మళ్ళీ గదిలోకే వస్తాయి. జూలై, ఆగస్టు నెలలలో ఇక్కడ ఒక్క రోజులో ఏదీ ఆరదు కాబట్టి యంత్రం కొన్ననాడే రెండవ వడపోతను కూడా కొని ఉంచుకోండి.